నీలి గుమ్మటాలు లేని ఊరివాళ్లు

2025 ఏప్రిల్ 15, మంగళవారం: ఓక్లీ

ఆస్ట్రేలియాలో మెల్బోర్న్ శివారు క్లేటన్ స్టేషన్లో ప్లాట్‌ఫాం మీద నిలబడితే తెలుగు వినబడుతుంది. మోనాష్ విశ్వవిద్యాలయం పక్కనే కావడంతో మన పిల్లలు అక్కడ గదులు తీసుకుని ఉంటారు. రైలెక్కి రెండో స్టేషన్లో దిగితే అంతా గ్రీకే. ఆ రెండో స్టేషను పేరు ఓక్లీ, మెల్బోర్న్ నగరం నడిబొడ్డు నుంచి ఆగ్నేయంగా సుమారు 15 కిలోమీటర్లు. గోడల మీద గ్రీకు వలసదారుల బొమ్మలున్నాయని మా అమ్మాయి చెప్పడంతో, డ్రాయింగ్ టీచరుగా రిటైరైన నాకు ఇల్లు కదలడానికి ఒక సాకు దొరికింది. మా ఆయనకు కాఫీ దొరికితే చాలు.

ఈటన్ మాల్ అంటే అద్దాల భవనం కాదు, వాహనాలు తిరగని చిన్న వీధి. రెండు వైపులా మిఠాయి దుకాణాలు, హోటళ్లు. వీధి మధ్యదాకా బల్లలు, కుర్చీలు. ఉదయం పదకొండుకే ముసలాయనలు నలుగురేసి కూర్చుని, చేతిలో పూసల దండ తిప్పుతూ, దెబ్బలాడుకుంటున్నారా అనిపించే గొంతుతో మాట్లాడుకుంటున్నారు. దెబ్బలాట ఏమీ లేదు, పక్క బల్ల మీది వాళ్లు కనీసం తలతిప్పి చూడలేదు. అసలు దెబ్బలాట లేచేటప్పుడు మొదలైంది. డబ్బు నేనిస్తానంటే నేనిస్తానని ఇద్దరు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని లాగుకున్నారు, మూడో ఆయన నెమ్మదిగా లోపలికి వెళ్లి కట్టేసి వచ్చాడు. కాఫీ ఒక్కటే తెప్పించుకుని రెండు గంటలు కూర్చున్నా ఇక్కడ ఎవరూ లేవమనరు. మనం అడిగేదాకా బిల్లు తేరు. అది తెలియక చాలాసేపు ఎదురుచూసిన మా ఆయనకు ఆ ఎదురుచూపు కూడా నచ్చింది.

గ్రీకు కాఫీ కప్పు ఐదు డాలర్లు, మన లెక్కలో 270 రూపాయలు. చిన్న కప్పు, అడుగున మడ్డి, పక్కన గ్లాసుడు చల్లటి నీళ్లు. దానితో లుకుమాదేస్ తెప్పించాం. పునుగులను వేడివేడిగా తేనెలో ముంచి, పైన దాల్చినచెక్క పొడి చల్లితే ఎలా ఉంటాయో అలా ఉన్నాయి. పళ్లెం 12 డాలర్లు. కోడిగుడ్డు, పాలు కలిపిన పిండివంటలు అద్దాల వెనుక బోలెడున్నాయి. కేకులో పడిన గుడ్డు గుడ్డు కాదని మా ఆయన సిద్ధాంతం, ఆయన వాటి సంగతి చూశారు.

బొమ్మల విషయానికి వస్తే, మొదట చూసినవి నిరాశపరిచాయి. హోటళ్ల గోడల మీద ఎక్కడ చూసినా అదే దృశ్యం: తెల్లటి ఇళ్లు, నీలి గుమ్మటాలు, కిందికి వాలిన కాగితపు పూల తీగ, వెనుక సముద్రం. నీలం కూడా డబ్బాలోంచి తీసి నేరుగా పూసిందే, ఎక్కడా మరో రంగు కలిపిన జాడ లేదు. ఆ దృశ్యం సాంటొరీని అనే గ్రీకు ద్వీపానిది. అందమైనదే, కాదనను. కానీ క్యాలెండర్‌లో అచ్చయిన బొమ్మను గోడకు ఎక్కించడానికి చిత్రకారుడెందుకు?

అసలైనది ఒక దుకాణం పక్క గోడ మీద, పార్కింగ్ స్థలం వైపు కనిపించింది. రెండు అంతస్తుల ఎత్తు. తలకు గుడ్డ కట్టుకున్న పిల్ల, ఇరవై ఏళ్లుండవు, చేతిలో తాడుతో బిగించిన అట్టపెట్టె. వెనుక ఓడ. చుట్టూ అంచులో ఆలివ్ కొమ్మలు. ముఖాన్ని ఎవరో చెయ్యి తిరిగినవాళ్లు వేశారు. కళ్ల కింద నీడకు ఊదా రంగు వాడారు, నలుపు కాదు. దగ్గరికి వెళ్లి చూస్తే, రంగు పలచబడిన చోట అడుగున పిచ్చిగీతల్లాంటివి కనబడ్డాయి. మన సినిమా బ్యానర్లు వేసేవాళ్లు ఫొటో మీద గళ్లు గీసి, అవే గళ్లు తెర మీద పెద్దవి చేసి ముఖం దించేవారు. వీళ్లు గళ్లకు బదులు గోడంతా తోచిన గుర్తులు, అక్షరాలు గీసి, ఆ గోడను ఫొటో తీసి, దాని మీద ఫోనులోనే అసలు బొమ్మను పరిచి చూసుకుంటారట. ఫలానా గుర్తు పక్కన కన్ను, ఫలానా అక్షరం కింద చుబుకం. పని ఒకటే, గళ్లు మాత్రం మాయమయ్యాయి.

గోడ పక్కనే ఉన్న చెత్త డబ్బా మీద ఎవరో పోకిరీలు పేర్లు రాసుకున్నారు. బొమ్మను మాత్రం ముట్టుకోలేదు. మంచి బొమ్మ మీద గీయకపోవడం వీధి చిత్రకారుల మర్యాద అని అమ్మాయి చెప్పింది. అన్నిచోట్లా పాటిస్తారని కాదట.

నేను గోడకు ముక్కు ఆనించి చూడటం గమనించి ఒక పెద్దాయన కర్ర ఊతంగా వచ్చి నిలబడ్డాడు. మీ ఊరు ఇలాగే ఉంటుందా అని హోటల్లోని నీలి గుమ్మటాలు చూపించి అడిగాను. నవ్వాడు. ఆయనది ఫ్లోరినా, గ్రీసు ఉత్తర కొస. "మాకు సముద్రం లేదు. మంచు ఉంది, మేకలు ఉన్నాయి. అంతర్యుద్ధం తర్వాత మేకలు కూడా లేవు" అన్నాడు. 1946 నుంచి 1949 దాకా సాగిన ఆ యుద్ధంలో కొండ ఊళ్లు బాగా దెబ్బతిన్నాయి. 1952లో ఆస్ట్రేలియా, గ్రీసు ప్రభుత్వాలు ఒప్పందం చేసుకుని ఓడ ఖర్చులో సాయం చేయడం మొదలుపెట్టాక, అలాంటి ఊళ్ల నుంచే యువకులు బయలుదేరారు. మేముండేది క్లేటన్‌లో అంటే ఆయన కర్ర ఎత్తి రైలు పట్టాల వైపు చూపించాడు. అక్కడి కార్ల కర్మాగారంలోనే పని చేశాడట. మొదట అది ఫోక్స్‌వ్యాగన్‌ది, తర్వాత నిస్సాన్‌ది. 1992లో మూతపడింది. మా అమ్మాయి ఆ ఊళ్లో ఆరేళ్లుగా ఉంటోంది, అక్కడ కార్లు తయారయ్యేవని ఆ రోజే విన్నది.

ఏప్రిల్ 16, బుధవారం: లాన్స్‌డేల్ వీధి, బ్రన్స్‌విక్

2025లో రైలుకు, ట్రాముకు కలిపి రోజంతా తిరిగినా మనిషికి 11 డాలర్లకు మించి కోసేవారు కాదు. కాబట్టి ఒకే రోజు రెండు చోట్లు పెట్టుకున్నాం.

నగరంలోని లాన్స్‌డేల్ వీధి గురించి ఎక్కువ రాయను. స్వాన్‌స్టన్, రస్సెల్ వీధుల మధ్య ఉన్న ఆ ముక్కే ఒకప్పుడు గ్రీకువాళ్ల అడ్డా. దుకాణాలు చాలావరకు మారిపోయాయి. రస్సెల్ వీధి మూల మీద గ్రీకు సమాజం వాళ్ల పదిహేనంతస్తుల భవనం ఉంది. దాని ముఖం మీద చక్రం విసిరే ప్రాచీన క్రీడాకారుడి రూపం కనిపిస్తుంది. ఎదురు కాలిబాట మీదికి వెళ్లి తల వెనక్కి వంచితే తప్ప తెలియదు. ఆ సమాజం 1897లో ఏర్పడింది, భవనం 2014లో తెరిచారు. 1978 నుంచి నడుస్తున్న స్టాలక్టైట్స్ హోటల్లో పైకప్పు నుంచి గుహలోలాగా సున్నపు వేళ్లు వేలాడుతుంటాయి. అది ఎవరి ఆలోచనో కానీ, తింటున్నంతసేపూ నా చూపు పైనే.

ఈ వారం వాళ్లకు పెద్ద ఉపవాసం. ఈస్టర్‌కు ముందు నలభై రోజులకు పైగా మాంసం, పాలు, గుడ్లు మానేస్తారు. శాకాహారులకు ఇంతకన్నా మంచి వారం దొరకదు: ద్రాక్షాకులో చుట్టిన అన్నం, టొమాటోలో ఉడికిన పెద్ద చిక్కుడు గింజలు, ఆలివ్ నూనె, నిమ్మరసం పోసిన ఆకుకూర. ముగ్గురికీ కలిపి 70 డాలర్లయింది. ఒక్క చోటే జాగ్రత్త పడాలి. గులాబి రంగులో నోరూరించే ముద్ద ఒకటి రొట్టెతో పాటు వస్తుంది, ఉపవాసపు వంటకమే అంటారు. అడిగితే అందులో చేప గుడ్లున్నాయని వడ్డించే అమ్మాయి చెప్పింది. రక్తం లేని సముద్ర జీవులు, చేప గుడ్లు వాళ్ల ఉపవాసానికి అడ్డం కావట.

బ్రన్స్‌విక్ ఉత్తరాన ఉంది. సిడ్నీ రోడ్డు మీద 19వ నంబరు ట్రాములో వెళ్లాలి. ఆ రోడ్డును ఆనుకుని స్పార్టా ప్లేస్ అనే చిన్న సందు. గ్రీసులోని స్పార్టాతో ఈ మునిసిపాలిటీకి సోదర నగర బంధం ఉంది. స్పార్టా ప్రాంతం నుంచి వచ్చిన కుటుంబాలు ఇక్కడ ఎక్కువగా స్థిరపడ్డాయి. సందులో లియోనిడాస్ రాజు విగ్రహం నిలబెట్టారు. ఆయన చుట్టూ పెళ్లి బట్టల దుకాణాలు, కాఫీ తాగే కుర్రవాళ్లు. పర్షియా సైన్యాన్ని అడ్డుకున్న వీరుడి కాళ్ల దగ్గర ఎవరో సైకిలు పెట్టి తాళం వేశారు.

బ్రన్స్‌విక్ గోడలు చూడటానికి రెండు కళ్లు చాలవు. పక్షులు, చేపలు, ముఖాలు, అర్థం కాని అక్షరాలు. మా ఫోను చూపిన దారి మమ్మల్ని రైలు పట్టాల వెంబడి ఒక సైకిలు బాటలోకి తోసింది. అది సిడ్నీ రోడ్డుకు తిరిగి రానే రాదు. అలా పోగా పోగా ఎర్ర ఇటుకల పాత మిల్లులు ఎదురయ్యాయి. పొగగొట్టం ఉంది, మిల్లు లేదు. లోపల అపార్ట్‌మెంట్లు. బ్రన్స్‌విక్ అంటే బట్టల మిల్లులు, అల్లిక మిల్లులు, కుట్టు షెడ్లు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత వచ్చిన గ్రీకు, ఇటలీ ఆడవాళ్లు వాటిలో చేరిపోయారు, ఇంట్లో మిషను పెట్టుకుని కాలర్లు, జేబులు ముక్కకింత అని కుట్టిన వాళ్లు మరెందరో. ఆ గోడల పొడవునా బొమ్మలున్నాయి. కుట్టుమిషను బొమ్మ ఉందేమోనని వెతుక్కుంటూ వెళ్లాను. పెద్ద ఆక్టోపస్ కనిపించింది, చక్కగా వేశారు.

ఆకలేసి లెబనాన్ వాళ్ల రొట్టెల దుకాణంలో దూరాం. పుల్లటి మసాలా, నువ్వులు రాసి కాల్చిన రొట్టె నాలుగు డాలర్లే. ఈ మొత్తం ప్రయాణంలో చవకైన భోజనం అదే.

ఏప్రిల్ 17, గురువారం: పోర్ట్ మెల్బోర్న్

అమ్మాయి పక్కింట్లో ఒంటరిగా ఉండే గ్రీకు ముసలావిడకు ఎనభై ఏళ్లు. మేము ఓడరేవుకు వెళ్తున్నామని తెలిసి, చేతిసంచీ తగిలించుకుని గేటు దగ్గర సిద్ధంగా నిలబడింది. ఈ గురువారం ఇళ్లల్లో గుడ్లకు ఎర్రరంగు వేసే రోజు. ఆ పని తెల్లవారకముందే ముగించేసిందట, వేళ్ల కొసలు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. సంచిలో ఫ్లాస్కు, ఉపవాసపు గట్టి రస్కులు, నలుగురికి నాలుగు నారింజలు. "రేవు దగ్గర కాఫీ ఆరు డాలర్లు. దొంగలు" అంది.

109వ నంబరు ట్రాము ఆఖరి స్టాపు సముద్రం ఒడ్డునే. ట్రాము దిగగానే ఎదురుగా స్టేషన్ పియర్ ఉండగా, అల్లుడు పంపిన మ్యాపు నమ్మి మా ఆయన అందరినీ పడమరకు నడిపించారు. అక్కడున్నది ప్రిన్సెస్ పియర్. మంచిదే అయింది. 1915లో కట్టిన ఆ రేవులో ముందు భాగం మాత్రమే బాగుచేసి ఉంచారు. మిగతా చోట పైన పలకలు తీసేశారు, వందల కొయ్య స్తంభాలు మాత్రం నీళ్లలో బారులు తీరి నిలబడి ఉన్నాయి. ప్రతి దాని మీదా ఒక నీటికాకి. వలసదారులను ఈ రెండు రేవుల్లోనూ దింపేవారు.

ఆవిడ దిగింది మాత్రం స్టేషన్ పియర్‌లో, 1964లో, పాత్రిస్ అనే ఓడ నుంచి. ఆ గ్రీకు ఓడ 1959 చివర్లో మొదటిసారి ఆస్ట్రేలియాకు బయలుదేరింది. ఏథెన్స్ రేవు పిరియస్‌లో ఎక్కి సూయజ్ కాలువ దాటి, పశ్చిమాన ఫ్రీమాంటిల్‌లో ఆగి, మెల్బోర్న్ చేరేసరికి మూడు వారాలు దాటింది. ఆవిడ ఊరు గ్రీసు దక్షిణాన పెలొపొనీస్ ప్రాంతం మధ్యలో, ట్రిపోలి పట్టణానికి పైనున్న కొండ మీద. రాతి గోడలు, ఎర్ర పెంకులు. పంతొమ్మిదేళ్లదాకా సముద్రం చూడలేదు. పిరియస్‌లో మొదటిసారి చూసింది, ఆ సాయంత్రమే దాని మీదికి ఎక్కేసింది. ఇక్కడ పెళ్లికొడుకు ఫొటోలో మాత్రమే తెలుసు. రేవులో చేతిలో ఫొటో పట్టుకుని, దానికి సరిపోయే ముఖం కోసం వెతికిందట. "ఫొటోలో జుట్టుంది. రేవులో లేదు" అని రస్కు కొరికింది.

ఓక్లీ గోడ మీది అమ్మాయి బొమ్మను ఫోనులో చూపించాను. కళ్లజోడు పైకెత్తి చాలాసేపు చూసింది. బొమ్మ బాగుందంది, అట్టపెట్టెకు తాడు కట్టిన తీరు కూడా సరిగ్గానే ఉందంది. తర్వాత ఫోను నాకు తిరిగిచ్చేస్తూ అంది: "ఎప్పుడూ ఓడనే వేస్తారు. ఓడలో నేనున్నది మూడు వారాలు. మిషను ముందు కూర్చున్నది ముప్పై ఏళ్లు."

ఎక్కడ అని అడిగాను. బ్రన్స్‌విక్‌లోనే, మొదట మిల్లులో, పిల్లలు పుట్టాక ఇంట్లో. ముక్కలు మూటకట్టి వ్యాను మనిషి సోమవారం దింపేవాడు, శుక్రవారం లెక్కపెట్టి తీసుకెళ్లేవాడు. సందు గోడల మీద మేం చూసిన ఆక్టోపస్ గురించి మా ఆయన చెబితే, ఈ వారంలో ఆక్టోపస్ తినొచ్చు అంది.

స్టేషన్ పియర్ ఇప్పుడు దాదాపు ఖాళీ. టాస్మేనియా వెళ్లే ఓడలు 2022లో జిలాంగ్‌కు మారిపోయాయి. ఎండాకాలంలో విహార నౌకలు వస్తాయి. మేం వెళ్లిన రోజు ఒక్కటీ లేదు, చేపలు పట్టే వాళ్లు నలుగురు. గ్రీకు మూలాలున్నవాళ్లు ఆస్ట్రేలియాలో 4 లక్షల 24 వేలకు పైగా ఉన్నారని 2021 జనగణన చెబుతోంది. వాళ్లలో ఎంత పెద్ద భాగం ఈ కొయ్యల మీదుగా నడిచి వచ్చిన వాళ్లో, వాళ్ల పిల్లలో!

ఏప్రిల్ 18, శుక్రవారం: మళ్లీ ఓక్లీ

గుడ్ ఫ్రైడే కావడంతో పగలు ఊరంతా మూత. ఈ ఏడాది గ్రీకువాళ్లు పాటించే ఆర్థడాక్స్ ఈస్టర్, మిగతా క్రైస్తవుల ఈస్టర్ ఒకే తేదీన పడ్డాయి, అలా కొన్నేళ్లకోసారి పడుతుంటాయి. చీకటి పడ్డాక ఓక్లీలోని గ్రీకు చర్చి దగ్గరికి చేరాం. లోపల అడుగు పెట్టే చోటు లేదు. తేనె రంగు కొవ్వొత్తులు పట్టుకుని జనం వీధిలోనే నిలబడ్డారు. మాకూ తలా ఒకటి ఎవరో చేతిలో పెట్టారు. డబ్బివ్వబోతే పెట్టె వైపు చూపించారు, అందులో ఎంత వేసినా సరే.

పూలతో కప్పిన క్రీస్తు పాడెను భుజాల మీద మోసుకుంటూ బయటికి తెచ్చారు. పోలీసులు కార్లను ఆపేశారు. ఊరేగింపులో తొక్కిసలాట లేదు, తొందర లేదు. కాకపోతే నిశ్శబ్దం కూడా లేదు. ముందు కీర్తన సాగుతుంటే వెనుక వరుసల్లో పెళ్లి సంబంధాలు, ఇళ్ల ధరలు నడుస్తున్నాయి. భీమవరంలో స్వామివారి ఊరేగింపు వెనుక నడిచిన మనిషిని, నాకేమీ వింతగా లేదు. తిరిగొచ్చాక పాడెను గుమ్మం దగ్గర ఎత్తి పట్టుకున్నారు, జనం దాని కింది నుంచి వంగి లోపలికి వెళ్లారు. నేనూ వంగాను. మా ఆయన మోకాళ్లు ఒప్పుకోలేదు.

మంగళవారం కలిసిన ఫ్లోరినా పెద్దాయన అక్కడ కనిపించి, మనవడిని పిలిచి పరిచయం చేశాడు. కుర్రవాడికి ఇరవై రెండేళ్లుంటాయి, గోడల బొమ్మలంటే ఇష్టమట. హోటళ్లవాళ్లు నీలి గుమ్మటాలే ఎందుకు అడుగుతారని అడిగాను. "కొండ, మంచు, మేకలు వేస్తే అది స్విట్జర్లాండ్ అనుకుంటారండీ. గుమ్మటం వేస్తే గ్రీసని అందరికీ తెలుస్తుంది" అన్నాడు. అతనన్నది అబద్ధం కాదు. కానీ అందరికీ తెలిసేదాన్నే వేస్తూపోతే, తెలియనిది ఎప్పటికి తెలుస్తుంది? ఆ మాట అతనితో అన్నాను. తాత మధ్యలో అందుకుని, కార్ల కర్మాగారంలో తాను చేసింది తలుపులకు రంగు కొట్టే పని అనీ, గోడ ఇస్తే ఇప్పుడైనా తానే వేస్తాననీ అన్నాడు.

ఏప్రిల్ 19, శనివారం రాత్రి

పక్కింటావిడ కొడుకు కుటుంబం ఆదివారం పొద్దున గానీ రాదు. అర్ధరాత్రి పూజకు ఆవిడను మా అల్లుడు కారులో తీసుకెళ్లాడు, వెంట మేమిద్దరం. పన్నెండు కొట్టేముందు చర్చిలో దీపాలన్నీ ఆర్పేశారు. లోపలి నుంచి ఒక్క మంట బయటికి వచ్చింది, కొవ్వొత్తి నుంచి కొవ్వొత్తికి పాకి వీధి చివరిదాకా వెళ్లింది. "క్రిస్తోస్ అనెస్తీ", అంటే క్రీస్తు తిరిగి లేచాడు, అని అందరూ ఎత్తుకున్నారు. దూరంగా ఎవరో టపాకాయలు పేల్చారు, అనుమతి ఉన్నట్టు లేదు.

ఆ మంటను ఆరకుండా ఇంటికి చేర్చాలి. అల్లుడి కారు కొని రెండు నెలలు కాలేదు. ముందు సీట్లో ఆవిడ వెలుగుతున్న కొవ్వొత్తి పట్టుకుని కూర్చుంది, అద్దాలు ఎత్తేయించింది, ఏసీ కట్టేయించింది. అతను చెమట తుడుచుకుంటూ, నలభై దాటకుండా, ప్రతి మలుపులోనూ ఒక కన్ను సీటు గుడ్డ మీదే పెట్టి నడిపాడు. వెనుక నుంచి వచ్చినవాళ్లు ఎవరూ హారన్ కొట్టలేదు. వాళ్లలో చాలామంది కార్లలోనూ కొవ్వొత్తులే.

ఇల్లు చేరాక గుమ్మం పై కమ్మీ మీద ఆ మంట పొగతో శిలువ గుర్తు పెట్టింది. నిరుటి మసి గుర్తు ఇంకా అక్కడే ఉంది. అల్లుడు ఎత్తుగా ఉంటాడు కదా అని అతని చేత మరోసారి గట్టిగా దిద్దించింది. లోపలికి వెళ్లి ఎర్ర గుడ్లు నాలుగు, వెన్న బిస్కట్లు ఒక ప్లాస్టిక్ డబ్బా నిండా తెచ్చింది. మేం గుడ్లు తినం అంటే, మిమ్మల్ని తినమని ఎవరన్నారు, ఒకదానితో ఒకటి కొట్టండి, పగలనిది ఎవరిదో వాళ్లకు ఏడాదంతా అదృష్టం అంది. అల్లుడిది పగల్లేదు. కారు మీద మైనం చుక్క కూడా పడలేదు కాబట్టి ఆ అదృష్టం అప్పటికే వచ్చేసిందని అతని నమ్మకం. మేం గేటు దాటుతుంటే ఆవిడ వెనుక నుంచి కేక వేసింది: "డబ్బా మాత్రం తిరిగి తెచ్చివ్వండి. మూతతో సహా."